క్యారీ: దెయ్యం కోసం వెతక్కండి, ఫైలు తిరగేసినట్టు చదవండి

అమెరికన్ హారర్ రచయిత స్టీఫెన్ కింగ్ తొలి నవల ‘క్యారీ’ని మొదలుపెట్టి నలభై పేజీల దగ్గర పక్కన పడేసినవాళ్లు తరచుగా తగులుతుంటారు. అందరూ చెప్పే కారణం ఒకటే. కథ ఊపందుకుంటోంది అనుకునేసరికి ఓ పేపరు కటింగు అడ్డం పడుతుంది. ఆ వెంటనే ఎవరో పరిశోధకుడి పుస్తకంలోంచి ఒక పేరా, ఆ తర్వాత విచారణ కమిషన్ ముందు ఎవరో ఇచ్చిన వాంగ్మూలం. ‘ఇవన్నీ తర్వాత చూద్దాంలే’ అని పేజీలు తిప్పేస్తారు, నాలుగు పేజీలు పోయాక ఎవరు ఎవరో అర్థం కాదు. ఈ నవలలో మిగతా ఏది దాటేసినా ఫరవాలేదు గానీ, ఆ కాగితాలు మాత్రం దాటేయకూడదు.

కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. అమెరికాలో మేన్ రాష్ట్రం, చాంబర్లేన్ అనే కల్పిత పట్నం. పదహారేళ్ల క్యారీ వైట్‌ని బడిలో అందరూ ఏడిపిస్తారు, ఇంట్లో తల్లి మార్గరెట్ దేవుడి పేరు చెప్పి నరకం చూపిస్తుంది. చెయ్యి వేయకుండానే వస్తువుల్ని కదిలించే శక్తి ఆ పిల్లకి ఉంది. 1979 మే 27 రాత్రి ప్రామ్‌లో, అంటే బడి వీడ్కోలు పార్టీలో, ఆమెకి ఘోరమైన అవమానం జరుగుతుంది, తెల్లారేసరికి ఊరు బూడిదవుతుంది. ముగింపు చెప్పేశామని కంగారు పడకండి. ఊరు నాశనమైందనీ, చాలామంది చనిపోయారనీ, దాని మీద కమిషన్ కూర్చుందనీ కింగే తొలి పేజీల నుంచీ చెబుతూ వస్తాడు. ఏమవుతుంది అన్న ఉత్కంఠ ఇందులో లేదు. ఎక్కడెక్కడ ఆపగలిగేవాళ్లు, ఎందుకు ఆపలేదు అన్నదే చదివిస్తుంది.

అందుకే దీన్ని ఎంక్వయిరీ ఫైలు చదివినట్టు చదవాలని చెప్పడం. ఆ ఫైల్లో పైనున్న మొదటి కాగితమే చూడండి. 1966 ఆగస్టు 19 తేదీతో ఒక చిన్న వారపత్రిక వార్త. కార్లిన్ వీధిలో నిర్మలమైన ఆకాశం నుంచి రాళ్ల వాన పడిందట. ఎక్కువగా మార్గరెట్ వైట్ అనే విధవరాలి ఇంటి మీదే పడిందట, ఇంటి కప్పు దెబ్బతింది, వాన నీళ్ల తొట్లు, గొట్టం పాడయ్యాయి, వాటి విలువ సుమారు 25 డాలర్లు. ఆమె మూడేళ్ల కూతురితో ఉంటోంది. అంతే వార్త. ఆకాశం నుంచి రాళ్లు పడితే విలేకరి ఇనప గొట్టం ధర లెక్కగట్టాడు, లోపల ఆ పిల్లకి ఏం జరుగుతోందో ఎవరూ తలుపు కొట్టి అడగలేదు. నవల మొత్తం ఈ పద్ధతిలోనే నడుస్తుంది: జనం చూస్తారు, రాసుకుంటారు, లోపలికి మాత్రం పోరు. ఆ ఇంట్లో ఏమైందో పక్కింటి అమ్మాయి పెద్దయ్యాక ఇచ్చిన ఇంటర్వ్యూలో తెలుస్తుంది. ఆ నాలుగైదు పేజీలు పరుగుమీద చదివితే పుస్తకం సగం పోయినట్టే.

చదివే ముందు చేసుకోవాల్సిన ఏర్పాటు చిన్నదే. బుక్‌మార్కుగా పెట్టుకునే అట్టముక్క మీద ఎనిమిది పేర్లు రాసుకోండి: క్యారీ, తల్లి మార్గరెట్, పశ్చాత్తాపపడే స్యూ స్నెల్, ఆమె స్నేహితుడు టామీ రాస్, పగబట్టిన క్రిస్ హార్గెన్సెన్, ఆమె ప్రియుడు బిల్లీ నోలన్, పీటీ టీచర్ డెజార్డన్, ప్రిన్సిపాల్ గ్రేల్. మిగతా పేర్లు గుర్తులేకపోయినా నష్టం లేదు. అట్ట రెండోవైపు తేదీలు వేసుకోండి. నవల అచ్చయింది 1974 ఏప్రిల్ 5న, డబుల్‌డే సంస్థ నుంచి. అందులోని ఘటన 1979లో. దాని మీద పరిశోధన పుస్తకం 1981లో, స్యూ రాసిన ఆత్మకథ 1986లో వచ్చినట్టు నవల చెబుతుంది. అంటే తొలి పాఠకులకి ఇవన్నీ రాబోయే కాలపు కాగితాలు. ఏ ముక్క ఏ ఏడాదిదో చూసుకుంటూ పోతే ఇంకో సంగతి బయటపడుతుంది. ఘటనకి దూరం పెరిగేకొద్దీ రాసేవాళ్ల గొంతులో నమ్మకం పెరుగుతుంది, నిజం మాత్రం తగ్గుతుంది. పరిశోధకుడు ఒక మాట అంటాడు, తర్వాతి పేరాలో కింగ్ నేరుగా క్యారీ తలలోంచి చూపించేది ఇంకోటి. ఈ రెండింటి మధ్య తేడా పట్టుకోవడంలోనే ఈ నవల రుచి ఉంది.

మనవాళ్లు తడబడే రెండో చోటు వాక్యం మధ్యలో వచ్చే బ్రాకెట్లు. మామూలుగా నడుస్తున్న వాక్యం ఠక్కున తెగి, కింది వరసలో బ్రాకెట్లో, క్యాపిటల్ అక్షరాలూ కామా ఫుల్‌స్టాపూ లేకుండా ఒక ముక్క వస్తుంది, మళ్లీ వాక్యం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి సాగుతుంది. అచ్చుతప్పు అనుకుంటారు కొందరు. అది పాత్ర తలలో అడుగున మెదులుతున్న మాట. తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది: ఆమె అమీర్‌పేటలో బస్సెక్కి చిల్లర తీసి కండక్టర్‌కి (నన్నే చూస్తున్నారు అందరూ నన్నే) ఇచ్చి కిటికీ పక్కన కూర్చుంది. మొదటి భాగంలో ఇవి అక్కడక్కడా వస్తాయి. ప్రామ్ రాత్రికి ఎవరి ఆలోచన ఎవరి తలలో దూరుతోందో తెలియనంతగా చిక్కబడతాయి. చదివేటప్పుడు ఆగకండి, గొంతు తగ్గించి మనసులో చదువుకుంటూ దాటండి. మొదట్లోనే దీనికి కన్ను అలవాటు పడకపోతే రెండో భాగంలో ఊపిరాడదు.

పాత పుస్తకం కొనేటప్పుడు కూడా ఈ బ్రాకెట్లే పరీక్ష. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద, కోఠిలో పాత పుస్తకాల కొట్లలో, డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియం బుక్ ఫెయిర్‌లో కింగ్ పేపర్‌బ్యాక్‌లు దొరకడం కష్టం కాదు. కష్టమల్లా మంచి కాపీ దొరకడమే. నకిలీ ప్రతుల్లో సిరా ఓ పేజీలో ముద్దగా, ఓ పేజీలో వెలిసిపోయి ఉంటుంది. బైండింగు బిగుతుగా ఉండి లోపలి మార్జిన్‌లోకి అక్షరాలు దూరిపోతాయి. అలాంటి ప్రతిలో బ్రాకెట్ వరసలు చదవడం కష్టం. మధ్యలో ఎక్కడైనా తెరిచి, వెన్ను విరగకుండా పుస్తకం ఎంత విచ్చుకుంటుందో చూడండి. మూడు భాగాలకీ విడివిడి శీర్షిక పేజీలు ఉన్నాయో లేదో తిప్పి చూడండి. చిట్టచివర ఒక ఉత్తరం ఉండాలి. పాత ప్రతుల్లో చివరి ఆకు ఊడిపోవడం మామూలే, ఆ ఉత్తరం లేని ప్రతి ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. కొన్ని ముద్రణల్లో ముందుమాట ఉంటుంది. దాన్ని ఆఖర్న చదువుకోవడం మంచిది.

పుస్తకం చిన్నదే. తొలి హార్డ్‌బౌండ్ ముద్రణ 199 పేజీలు, మొత్తం మీద అరవై వేల మాటల చుట్టూ ఉంటుంది. మొదటి భాగాన్ని రెండు మూడు దఫాలుగా చదవొచ్చు. రెండోది, ప్రామ్ రాత్రి, పెద్దదే. దాన్ని ముక్కలు చేయకండి. నిమిషానికి నూట యాభై మాటలు చదివేవాళ్లకి మూడు గంటలకి పైనే పడుతుంది, కాబట్టి సెలవు రోజు మధ్యాహ్నం పెట్టుకోవాలి. మెట్రోలో స్టేషన్ స్టేషన్‌కీ కాస్త చదివేస్తే ఆ రాత్రి క్రమం చెల్లాచెదురవుతుంది. ఎందుకంటే అక్కడ కింగ్ గడియారం ముందుకీ వెనక్కీ తిప్పుతాడు. ఒకే పదినిమిషాల్ని జిమ్ లోపలున్న అమ్మాయి చెబుతుంది, రోడ్డు మీదున్న తాగుబోతు చెబుతాడు, పోలీసు చెబుతాడు, ఆఖర్న క్యారీ వైపు నుంచి వస్తుంది. మూడో భాగం చాలా చిన్నది, దాదాపు అంతా కాగితాలే.

ఇక విషయంలోకి వస్తే, తెలుగు పాఠకులు హారర్ అనగానే చేతబడి, క్షుద్రపూజ, పగబట్టిన ఆత్మ కోసం చూస్తారు. 1980ల్లో వారపత్రికల సీరియళ్లు మనకి నేర్పిన అలవాటు అది. ఇందులో మంత్రగాడు లేడు, దెయ్యం లేదు. క్యారీ శక్తి వంశంలో వచ్చిన లక్షణమని, మగవాళ్ల ద్వారా సంక్రమించి ఆడవాళ్లలో బయటపడే జన్యువని నవలలోని శాస్త్రవేత్తలు వాదిస్తారు. ఆ శక్తి పెరిగిన మెట్లు కూడా కింగ్ వరసగా పేర్చాడు. మూడేళ్ల వయసులో రాళ్ల వాన. తర్వాత ఎన్నో ఏళ్లు ఏమీ లేదు. పదహారేళ్లకి బడి స్నానాల గదిలో బల్బు పగులుతుంది, ఆఫీసులో బల్ల మీది యాష్‌ట్రే కింద పడుతుంది, ఇంటికి పోయే దారిలో ఏడిపించిన పిల్లాడి సైకిల్ తిరగబడుతుంది. అప్పటిదాకా అవి కోపంలో వాటంతటవే జరిగినవి. ఆ తర్వాతే గదిలో కూర్చుని దువ్వెన లేపడం, మంచం లేపడం సాధన చేస్తుంది. కండని బిగించినట్టు మనసుని బిగించడం నేర్చుకుంటుంది. గుండె దడ, అలసట ఆ సాధనకి కట్టే మూల్యం. ఈ మెట్లు గమనించకుండా పోతే, రెండో భాగంలో జరిగేది ఉన్నట్టుండి ఊడిపడ్డ మాయలా కనిపిస్తుంది.

స్నానాల గది సన్నివేశం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పీటీ క్లాసు అయ్యాక స్నానం చేస్తుండగా క్యారీకి మొదటిసారి ముట్టు వస్తుంది. అదేమిటో ఆమెకి తెలియదు, చచ్చిపోతున్నాననుకుని వణికిపోతుంది. చుట్టూ ఉన్న అమ్మాయిలు ప్యాడ్లు విసురుతూ కేరింతలు కొడతారు. పదహారేళ్ల పిల్లకి తెలియకపోవడమేమిటి అని చాలామంది తెలుగు పాఠకులు ఇక్కడే నమ్మకం పోగొట్టుకుంటారు. మన దగ్గర ఆడపిల్ల పెద్దమనిషి అయిందంటే వీధంతా తెలుస్తుంది. చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి పెడతారు, మేనమామ చీర తెస్తాడు, ఫంక్షన్ హాల్ బుక్ చేస్తారు. మార్గరెట్ ఇంట్లో ఆ మాటే రాదు. పాపం చేసిన ఆడదానికే రక్తం కనిపిస్తుందన్నది ఆమె నమ్మకం, చెప్పకుండా ఉంటే పాపం రాదనుకుంది. బడిలో చెప్పడానికి క్యారీకి ఒక్క స్నేహితురాలూ లేదు. ఈ రెండు తలుపులూ మూసుకుపోతే తెలియకపోవడం సాధ్యమే. మార్గరెట్‌ని చూసి ‘అది వాళ్ల మతం’ అని పక్కకి జరగడం కూడా తప్పే. నవలలో ఆమె ఏ చర్చికీ చెందదు. ఉన్న చర్చి చాలినంత కఠినంగా లేదని వదిలేసి ఇంట్లోనే ప్రార్థనలు పెట్టుకున్న మనిషి. ముట్టుని అపవిత్రంగా చూసి ఆడపిల్లని గది మూలకి నెట్టే ఇళ్లు మనకి తెలియనివి కావు. ఆ దృష్టితో చదివితే తల్లి శిక్షగా క్యారీని పెట్టి తలుపేసే చీకటి అల్మారా, అందులో గంటల తరబడి ప్రార్థన, అన్నీ బాగా దగ్గరగా కనిపిస్తాయి.

అదే సన్నివేశంలో ఇంకోటి చూడండి. పరుగెత్తుకొచ్చిన టీచర్ డెజార్డన్ మొదట చేసిన పని క్యారీ చెంప మీద కొట్టడం. సంగతి అర్థమయ్యాకే దగ్గరికి తీసుకుంటుంది. స్యూ స్నెల్, నవలలో అందరికంటే మంచి మనసున్న అమ్మాయి, ఆ గుంపులో తనూ అరిచింది. కింగ్ ఎవర్నీ పూర్తిగా తెల్లగా ఉంచలేదు.

ఇప్పుడు శిక్ష సంగతి. ఫైలులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే భాగం ఇది, జనం అన్నిటికంటే తక్కువ మాట్లాడేదీ ఇదే. అమ్మాయిలందరికీ వారం రోజులు జిమ్‌లో డిటెన్షన్ పడుతుంది. రాకపోతే మూడు రోజుల సస్పెన్షన్, ప్రామ్ టికెట్ రద్దు. క్రిస్ లెక్కచేయదు, టికెట్ పోతుంది. ఆమె తండ్రి లాయరు, బడి మీదికి వస్తాడు, టీచర్ని పీకేయమంటాడు. ప్రిన్సిపాల్ గ్రేల్ లొంగడు. క్రిస్ పాత రికార్డు తీసి ముందుపెడతాడు, అందులో ఇంకో అమ్మాయి బూటులో టపాకాయ పెట్టిన సంగతి కూడా ఉంది. క్యారీ తరఫున బడే ఎదురు కేసు వేస్తుందని చెప్పి పంపిస్తాడు. చదువుతుంటే లేచి చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. అయినా ఊరు కాలిపోయింది. శిక్ష సరైనదే, కానీ అది దోషుల చుట్టూనే తిరిగింది. ఆ అవమానం తర్వాత క్యారీ ఇంటికెళ్తే ఏమవుతుందో బడి నుంచి ఎవరూ వెళ్లి చూడలేదు, శిక్ష పడ్డ క్రిస్ కోపం ఎవరి మీదికి మళ్లుతుందో ఎవరూ కాచుకోలేదు. మన దగ్గర 1997లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం, తోటి విద్యార్థిని ఏడిపించి అవమానించినా ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా అంటుంది. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని సంస్థ అధిపతిని నేరానికి ప్రోత్సహించినవాడిగా లెక్కిస్తుంది. గ్రేల్‌ని ఆ చట్టం కింద కూడా తప్పుపట్టలేం. చట్టం అడిగినదంతా చేశాక కూడా ఏం మిగిలిపోతుందో ఈ నవల చూపిస్తుంది. మూడో భాగంలో డెజార్డన్, గ్రేల్ రాసిన రాజీనామా లేఖలు వస్తాయి, అవి చదివేటప్పుడు ఈ డిటెన్షన్ పేజీల్ని మళ్లీ ఒకసారి తిరగేయండి.

ప్రామ్ అంటే మన కాలేజీ ఫేర్‌వెల్‌కి దగ్గరిది, కాకపోతే జంటగా వెళ్లాలి, చివర్లో ఓట్లు వేసి రాజుని రాణిని ఎన్నుకుంటారు. ఎవరూ పిలవకపోతే వెళ్లలేరు. స్యూ తన స్నేహితుడు టామీని క్యారీతో పంపడం ఎంత పెద్ద త్యాగమో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది. క్యారీ తన గౌను తనే కుట్టుకుంటుంది, ఎర్ర వెల్వెట్‌తో. బిల్లీ ముఠా రాత్రిపూట ఓ రైతు పొలంలో దూరి పందుల్ని చంపి రెండు బక్కెట్ల రక్తం పడతారు. స్టేజీ ఎక్కిన క్యారీ మీద కుమ్మరించడానికి దూలం పైన బక్కెట్లు, అక్కడి నుంచి బయటికి తాడు. ఆ ఏర్పాటు కింగ్ కొలతేసినట్టు వివరిస్తాడు. ఆ పేజీలు నెమ్మదిగా చదవండి, ఎంతమంది చేతులు అందులో పడ్డాయో, ఎన్నిచోట్ల ఎవరో ఒకరు నోరు విప్పి ఉంటే సరిపోయేదో కనిపిస్తుంది.

రక్తం పడ్డాక జరిగేది చాలామంది సినిమాలో చూసినదాన్నే గుర్తుపెట్టుకుంటారు. నవల అలా నడవదు. రక్తంతో తడిసిన క్యారీ ముందు పారిపోతుంది. జనం నవ్వుతుంటే, కాలు అడ్డం పెడితే పడి లేచి బయట గడ్డి మీదికి వెళ్లిపోతుంది. అక్కడ కూలబడి ఆలోచిస్తుంది. మొదట ఆమెకి తోచిన ప్రతీకారం పిల్లల స్థాయిది: మంటలార్పే నీటి గొట్టాలు తెరిచి వాళ్ల జుట్టు, బట్టలు పాడుచేయడం. తలుపులు మూసేసి నీళ్లు వదులుతుంది. కానీ స్టేజీ మీద మైకులు, ఆంప్లిఫయర్లు, కరెంటు తీగలు ఉన్నాయి. నీళ్లూ కరెంటూ కలిశాయి. మొదటి చావు చూశాక ఆమెలో ఏదో తెగిపోతుంది, ఆ తర్వాతే అది ఊచకోత. ఊళ్లోకి వెళ్లి ఫైర్ హైడ్రెంట్లు విప్పేస్తుంది, అందుకే మంటలార్పడానికి నీటి ఒత్తిడి మిగలదు, పెట్రోలు బంకు పేలుతుంది, తీగలు తెగిపడతాయి. ప్రతి ఘోరానికీ ఒక భౌతిక కారణం ఉంది. ‘బాగా బుద్ధి చెప్పింది’ అని పాఠకుడు సంబరపడే అవకాశం ఆ గడ్డి మీది ఆలోచన దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే చనిపోయినవాళ్లలో ఎక్కువమందికి ఆ బక్కెట్ల గురించే తెలియదు. జనం ఎందుకు నవ్వారో బతికి బయటపడ్డ ఓ అమ్మాయి చెప్పే పేజీ వస్తుంది. అది రెండుసార్లు చదవాల్సిన పేజీ.

ఈ పుస్తకం ఎవరికి ఇవ్వాలి అన్నది కూడా చెప్పాలి. ఇంటర్ దాటినవాళ్లకి ఇవ్వొచ్చు. పెళ్లిలో జరిగిన లైంగిక హింస గురించి మార్గరెట్ చెప్పే భాగం, బిల్లీ క్రిస్ మీద చేసే దౌర్జన్యం చిన్నపిల్లలు ఒంటరిగా చదవాల్సినవి కావు. ప్రస్తుతం బడిలోనో కాలేజీలోనో వేధింపు పడుతున్న పిల్లకి ఓదార్పుగా ఇవ్వకండి. ఇందులో ఓదార్పు లేదు, ఆ పిల్లకి కావలసింది పక్కన నిలబడే మనిషి. పిల్లల కోసం 1098, కాలేజీ ర్యాగింగ్‌కి 1800-180-5522 నంబర్లు ఉన్నాయి.

సినిమా పుస్తకం తర్వాతే చూడండి. 1976లో బ్రయాన్ డి పాల్మా తీసినది గొప్ప సినిమా, తల్లీకూతుళ్లుగా చేసిన పైపర్ లోరీ, సిస్సీ స్పేసెక్ ఇద్దరికీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. కానీ అది ముందు చూస్తే క్యారీ అంటే సన్నని, అమాయకపు ముఖం కళ్లలో స్థిరపడిపోతుంది. నవలలో క్యారీ లావుగా, మొటిమలతో, చూసేవాళ్లకి జాలి కూడా కలగని పిల్ల. ఆమెని అలా రాయడంలో కింగ్ పాఠకుడినే పరీక్షిస్తున్నాడు. సినిమాలో కాగితాలు లేవు, కమిషన్ లేదు, ఊరు తగలబడడం లేదు, విధ్వంసం జిమ్, బిల్లీ కారు, క్యారీ ఇంటితో ఆగుతుంది. తల్లి చావు కూడా వేరు: సినిమాలో వంటింటి కత్తులు ఎగిరొస్తాయి, నవలలో కూతురు ఆమె గుండెని నెమ్మదిగా ఆపేస్తుంది. సినిమా చివర సమాధిలోంచి చెయ్యి పైకి రావడం నవలలో లేదు, దానికి బదులు ఆఖరి ఉత్తరం ఉంది. 2013 సినిమాలో స్నానాల గది సన్నివేశాన్ని ఫోన్‌లో వీడియో తీస్తారు. ఆ ఒక్క మార్పు కోసం దాన్ని చూడొచ్చు, మిగతాది పాతదానికి నకలే.